ప్రళయం తర్వాత నీళ్లెవరు తోడతారు?



2024 జూన్ 27న ‘కల్కి 2898 ఏడీ’ సినిమా విడుదలైంది. ఆనాటి నుంచి ఇవాళ్టి దాకా దాని అభిమానుల మధ్య రెండు తగవులు నడుస్తూనే ఉన్నాయి. ఒకటి మనకు బాగా అలవాటైనదే: కర్ణుడు గొప్పా, అర్జునుడు గొప్పా? రెండోది మన ప్రేక్షకులకు కాస్త కొత్తది. లోకమంతా పాడుబడి, గంగ ఎండిపోయి, కాశీ ఒక్కటే చివరి నగరంగా మిగిలిన రోజున మనుషులు నిజంగా అలాగే బతుకుతారా? అన్నేళ్ల తర్వాత ఆ బండ్లకు ఇంధనం ఎక్కడిది? ఆ తుపాకులు ఏ కొలిమిలో తయారవుతున్నాయి? పైరు పచ్చ లేని చోట అంత జనం ఏం తిని బతుకుతున్నారు? ఇలా అడిగేవాళ్లు ఒక పక్కన, ‘సినిమాకి వచ్చి లెక్కలడుగుతావేం’ అని వాళ్లను కసిరేవాళ్లు ఇంకో పక్కన. నేను ఈ ప్రసంగంలో అడిగేవాళ్ల పక్షమే మాట్లాడతాను. ప్రేక్షకుడు ప్రశ్న వేస్తున్నాడంటే ఆ కథలోకి అడుగుపెట్టి, అక్కడ తనకో చోటు వెతుక్కుంటున్నాడని అర్థం. కానీ వాళ్ల ప్రశ్నలు సామాన్ల దగ్గరే ఆగిపోతున్నాయని నా ఫిర్యాదు. ప్రళయం తర్వాతి కథ నమ్మదగ్గదా కాదా అన్నది తుపాకుల లెక్కలో తేలదు. అక్కడ నీళ్లు ఎవరు తోడుతున్నారు, చచ్చినవాళ్లను ఎవరు పూడుస్తున్నారు, మళ్లీ విత్తనం ఎవరు వేస్తున్నారు, పంచుకునేటప్పుడు ఎవరి మాట చెల్లుతోంది అన్న సంగతుల దగ్గర తేలుతుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల శ్రోతలకు ఈ మాట తేలిగ్గానే ఎక్కుతుందని నా నమ్మకం. ప్రళయం వెలిసిన మర్నాడు ఎలా ఉంటుందో ఈ తీరానికి తెలుసు.

తెలుగు తెరకు ఇలాంటి లోకం మొదటిసారి కనిపించింది ‘కల్కి’లో కాదు. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘ఆదిత్య 369’లో కాలయంత్రం రెండు చోట్లకు వెళ్లింది. ఒకటి శ్రీకృష్ణదేవరాయల కొలువు, ఇంకోటి 2504వ సంవత్సరం. రాయల కొలువులో తెనాలి రామకృష్ణుడు ఉన్నాడు, పద్యం ఉంది, నాట్యం ఉంది. 2504లో మాత్రం ప్రపంచయుద్ధం ముగిసి, రేడియేషన్‌కు భయపడి మనుషులు నేల కింద తలదాచుకుంటున్నారు. ఆ భాగం నిడివి చిన్నది కాబట్టి దాని మీద పెద్ద తగాదా ఏమీ పుట్టలేదు. చూసిన పిల్లలకు బెదురూ ఆశ్చర్యమూ కలిసి మనసులో ఉండిపోయింది. ‘కల్కి’ సంగతి వేరు. ఆ సినిమా మూడు గంటల పాటు మనల్ని ఆ పాడుబడ్డ లోకంలోనే కూర్చోబెడుతుంది. మహాభారతం ముగిసిన చోట కథ ఎత్తుకుని 6,000 ఏళ్లు నడిపించి 2898లో ఆపానని దర్శకుడు నాగ్ అశ్విన్ స్వయంగా చెప్పారు. అంటే మనం అనుకున్నా అనుకోకపోయినా ఇది భారతానికి ఉత్తరకథ. అభిమానులు ఇప్పుడు ఎదురుచూస్తున్న రెండో భాగం ఉత్తరకథకు ఉత్తరకథ. ఇంత బరువు ఎత్తుకున్న కథను నిలదీసి అడగకపోతే దాన్ని చిన్నచూపు చూసినట్టే.

అడగడం ఎలా అన్నదానికి బయటి లోకం నుంచి ఒక ఉదాహరణ చెబుతాను. వీడియో గేములు ఆడే కుర్రవాళ్లకు ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ పేరు పరిచయమే. ఒక బూజుజాతి మనిషి మెదడుకు సోకి లోకం కూలిపోతుంది. 20 ఏళ్ల తర్వాత జోయెల్ అనే నడివయసు మనిషి, ఎల్లీ అనే అమ్మాయిని వెంటబెట్టుకుని అమెరికా మీదుగా సుదీర్ఘ ప్రయాణం చేస్తాడు. 2013లో వచ్చిన ఆ గేమును జనం నెత్తిన పెట్టుకున్నారు. 2020 జూన్ 19న రెండో భాగం వచ్చింది. కథ మొదట్లోనే జోయెల్‌ను ఆబీ అనే యువతి కొట్టి చంపుతుంది. తన తండ్రిని చంపినందుకు ఆమె తీర్చుకున్న పగ అది. ఆ తర్వాత సగం ఆట ఆడేవాళ్లు ఆబీగా ఆడాలి. అభిమానులు భగ్గుమన్నారు. వాళ్ల కోపం చాలావరకు ‘ఇది నిజంగా జరగదు’ అన్న మాటగానే బయటికొచ్చింది. అందులో రెండు ఆక్షేపణలు బాగా ప్రచారంలోకి వచ్చాయి. ముక్కూమొహం తెలియని వాళ్ల ముందు జోయెల్ లాంటి జాగ్రత్తపరుడు తన పేరెలా చెప్పేస్తాడన్నది ఒకటి. తిండి దొరకని లోకంలో ఆబీకి అన్నేసి కండలు ఎక్కడివన్నది రెండోది.

రెండో ఆక్షేపణను కొంచెం దగ్గరగా చూద్దాం, ఎందుకంటే జవాబు ఆ గేములోనే ఉంది. ఆబీగా ఆట మొదలుపెట్టిన కాసేపటికే ఆమె వెంట మనం సియాటిల్‌లోని ఒక పెద్ద ఫుట్‌బాల్ స్టేడియంలో నడుస్తాం. ఒకప్పుడు ఆటలాడిన పచ్చిక మీద ఇప్పుడు కూరగాయల మళ్లున్నాయి. పశువులున్నాయి. వరసలో నిలబడితే పళ్లెంలో వేడివేడిగా పెట్టే వంటశాల ఉంది. పిల్లలకు బడి నడుస్తోంది. కుక్కలకు వేరే కొట్టం, వాటికో సంరక్షకుడు. ఇనుప బరువులెత్తే వ్యాయామశాల ఉంది. వందల మంది సైనిక క్రమశిక్షణతో ఇవన్నీ నడుపుతుంటే, వాళ్లలో ముందు వరసలో పోరాడే ఒక యువతికి కండలు రావడంలో వింతేముంది? ఇది పాత్రలు నోటితో చెప్పిన సమాధానం కాదు, ఆ చోటును నడిచి చూపించిన సమాధానం. చూసి కూడా చూడనివాళ్లే ఇంకా కండల గురించి అడుగుతున్నారు. మొదటి ఆక్షేపణ విషయంలో మాత్రం అభిమానులది పూర్తిగా తప్పనను. జాక్సన్ అనే ఊళ్లో నాలుగేళ్లు స్థిరపడి, జలవిద్యుత్తుతో దీపాలు వెలిగే వీధుల్లో తిరిగి, వచ్చేపోయేవాళ్లకు ఆశ్రయమిచ్చి జోయెల్ మెత్తబడ్డాడని సమర్థించేవాళ్లు చెబుతారు. నిజమే, మనిషి అలాగే మారతాడు. కానీ ఆ నాలుగేళ్ల మార్పును గేము చూపించింది తక్కువ, మన ఊహకు వదిలేసింది ఎక్కువ. స్టేడియం రోజువారీ పనులు కళ్లారా చూశాం కాబట్టి ఆబీ కండల్ని నమ్మగలం. జాక్సన్‌లో జోయెల్ రోజు ఎలా గడిచేదో అంతగా చూపలేదు కాబట్టి అతని పొరపాటు చాలామందికి మింగుడుపడలేదు. ఒకే గేములో, ఒకే రచయితల చేతిలో, పని కనిపించిన చోట నమ్మకం కుదిరింది, కనిపించని చోట కుదరలేదు.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. 1977 నవంబరు 19, శనివారం. కృష్ణ సముద్రంలో కలిసే చోటుకు అటు దివిసీమను, ఇటు నిజాంపట్నం వైపు తీరాన్ని ఉప్పెన ముంచేసింది. అప్పట్లో తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ గుంటూరు జిల్లాలోవే. సముద్రం మూడు నిలువుల గోడలా లేచి కిలోమీటర్ల కొద్దీ లోపలికొచ్చింది. సర్కారు లెక్కల్లోనే చనిపోయినవాళ్లు దాదాపు 10,000 మంది. అంతకు మించి ఉంటుందని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. దివిసీమలో కొన్ని ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. అక్కడి బతుకుకు సంబంధించినంత వరకు అది లోకం ముగిసిన రోజే. దారులు తెగాయి, స్తంభాలు కూలాయి, కబురు అందలేదు, పైనుంచి సాయం వచ్చేసరికి ఆలస్యమైంది. ప్రళయానంతర కథలు రాసేవాళ్లు ఊహించుకునే పరిస్థితికి మన జిల్లాల్లో జరిగిన దాంట్లో దీనికంటే దగ్గరిది లేదు.

మరి ఆ మర్నాడు మనుషులు ఏం చేశారు? సినిమాల్లో, గేముల్లో అయితే వెంటనే ముఠాలు పుట్టుకొస్తాయి, ఒకడి గుక్కెడు నీళ్ల కోసం ఇంకొకడు కత్తి దూస్తాడు. ఇక్కడ మొదట చేయాల్సి వచ్చినవి వేరే పనులు. మనుషుల శవాలు, పశువుల కళేబరాలు పొలాల్లో, కాలవగట్ల మీద, తుమ్మచెట్ల కంపల్లో చిక్కుకుని ఉన్నాయి. వాటిని తియ్యాలి, పూడ్చాలి, లేదా దహనం చెయ్యాలి. బావుల్లోకి, చెరువుల్లోకి ఉప్పునీరు చేరింది. చుట్టూ నీరే, తాగడానికి చుక్క లేదు. బతికినవాళ్లకు గంజి కాచాలి. ఆ పనుల్లో చేతులు కలిపినవాళ్లు పక్క ఊళ్లవాళ్లు, విద్యార్థులు, దూరాల నుంచి వచ్చిన స్వచ్ఛంద సేవకులు. దివిసీమలో మండలి వెంకటకృష్ణారావు పేరు ఇవాళ్టికీ జనం నోట వినిపిస్తుందంటే ఆ రోజుల్లో చేసిన సేవ వల్లే. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలెపట్టి ఊళ్లు తిరిగి విరాళాలు పోగుచేశారు. ఆ ఏడాది సంక్రాంతికే ‘దానవీరశూర కర్ణ’ విడుదలై, తెరమీద దానం చేసే కర్ణుణ్ణి జనం చప్పట్లతో నెత్తికెత్తుకుని ఉన్నారు. నవంబరులో అదే జనం చేతనైనంత దానం తామే చేశారు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. ఉప్పెన ఎంత పెద్దదైనా ఒక మూలే జరిగింది, మిగతా రాష్ట్రమూ మిగతా దేశమూ క్షేమంగా ఉన్నాయి, అందుకే సాయం వచ్చింది, అందుకే మనుషులు మనుషుల్లా ఉండగలిగారు, లోకమంతా కూలితే ఆ మంచితనం ఎన్నాళ్లు నిలుస్తుందని. ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చలేం. బియ్యం బస్తా వస్తుందన్న ఆశ ఉన్నవాడి తీరు వేరు, ఎప్పటికీ రాదని తెలిసినవాడి తీరు వేరు. అయినా ఆ కొద్ది రోజుల ప్రవర్తన పనికిరాని సాక్ష్యమేమీ కాదు. విపత్తుల్లో జనం ఎలా నడుచుకుంటారో చూడడానికే అమెరికాలో ఓహియో స్టేట్ యూనివర్సిటీలో 1963లో ఒక పరిశోధన కేంద్రం పెట్టారు. భూకంపాలు, వరదలు, పేలుళ్లు జరిగిన చోటల్లా తిరిగి చూసి ఎన్రికో క్వారంటెల్లి వంటి సామాజికశాస్త్రవేత్తలు చెప్పింది ఒక్కటే. జనం గుడ్డిగా పరుగులు తీయడం, దోచుకోవడం మనం అనుకున్నదానికంటే చాలా అరుదు, ఒకరినొకరు కాపాడుకోవడం చాలా మామూలు. 2009లో రెబెకా సోల్నిట్ ఒక పుస్తకమే రాసి ఈ సంగతిని మామూలు పాఠకుల దాకా తెచ్చారు. లోకం మొత్తం కూలినప్పుడు ఏమవుతుందో చూసినవాడు ఎవడూ లేడు కాబట్టి, కథకుడు ఊహించక తప్పదు. కాని ఊహించేవాడు ముందుగా ఉన్న సాక్ష్యాన్ని చూడాలి. మనిషి వెంటనే తోడేలవుతాడన్న ఊహకు సాక్ష్యం తక్కువ. అది ‘కఠిన వాస్తవం’ అన్న పేరుతో చెలామణి అవుతున్న ఒక కల్పన మాత్రమే.

వాస్తవం ఎలా ఉంటుందో చెప్పడానికి బాపట్ల తీరంలోని ఇసుక నేలల్ని చూపిస్తాను. అక్కడ నేల కింద ఉప్పునీరుంది. వాన కురిసినప్పుడు ఇసుకలోకి ఇంకిన మంచినీరు తేలిక కాబట్టి ఆ ఉప్పునీటి మీద పలచటి పొరగా తేలుతుంది. రైతులు ఆ పొర అందేంత వరకే గుంట తవ్వుతారు. దాన్ని దొరువు అంటారు. గుంట లోపలికి దిగి, కుండ ముంచి నీళ్లు తెచ్చి నారుమడికో, కూరపాదుకో, మల్లెమొక్కకో పోస్తారు. ఆశపడి ఇంకాస్త లోతు తవ్వారా, కింది ఉప్పునీరు పైకొచ్చి దొరువు చెడుతుంది. ఒక్కపూటలోనే ఎక్కువ తోడేసినా అంతే. తోడినంత సేపు తోడి, మళ్లీ ఊరేదాకా ఆగాలి. పక్కవాడు కూడా అలాగే ఆగితేనే ఇద్దరికీ నీళ్లు. బాపట్లలోని వ్యవసాయ పరిశోధకులు ఈ దొరువుల్ని చదివి, లోతుకు పోకుండా అడ్డంగా గొట్టాలు పరిచి ఆ పలచటి పొర నీటినే పోగుచేసే పద్ధతిని తయారుచేశారు. ఇందులో ఎంత కథ ఉందో చూడండి. ఎంత లోతు తవ్వాలో తెలిసిన పెద్దమనిషి, ఆగలేక తవ్వేసే కుర్రవాడు, పక్క చేనివాడితో పేచీ, చెడిపోయిన గుంట, మళ్లీ వాన కోసం ఎదురుచూపు. ‘కల్కి’లో గంగ ఎండిపోయిందని చెప్పారు. ఎండిన గంగ పక్కన జనం బతికి ఉన్నారని కూడా చూపారు. ఆ ఇసుకలో ఎక్కడో ఒక దొరువు లాంటిది ఉండి తీరాలి. దాన్ని ఎవరు తవ్వారు, ఎవరు కాపలా ఉన్నారు, ఊరి పైన ఉన్న సంపన్నుల కోట కాంప్లెక్స్ మనుషులు అందులోంచి ఎంత పట్టుకుపోతున్నారు అన్నది ఒక్క దృశ్యంలో చూపించి ఉంటే కాశీ నమ్మదగ్గ ఊరయ్యేది. సినిమాలో ‘యూనిట్లు’ అనే డబ్బు ఉంది, పది లక్షల యూనిట్లుంటే కాంప్లెక్స్‌లోకి వెళ్లొచ్చన్న ఆశ ఉంది. చాలా మంచి ఊహ అది. అయితే ఒక యూనిట్‌కు ఎన్ని కుండల నీళ్లు వస్తాయో మనకు తెలియదు కాబట్టి అక్కడికి చేరాలనుకునే కథానాయకుడు భైరవుడి ఆశ ఎంత పెద్దదో మన ఒంటికి తగలదు.

ఉప్పెన తర్వాత పొలాల సంగతీ అంతే. సముద్రపు నీరు వెనక్కి పోతుంది గాని ఉప్పు మట్టిలో ఉండిపోతుంది. దాన్ని కడగాలంటే గట్లు వేసి, కాలవ మంచినీటిని మడిలో నిలగట్టి, ఉప్పును కిందికి దింపి, మురుగుకాలవల గుండా బయటికి పంపాలి. ఒక్కసారి చేస్తే చాలదు. ఇందుకు పైనున్న బ్యారేజీ నుంచి నీళ్లు వదలాలి, మధ్యలో ఉన్న ఊళ్లు తమ వంతు తగ్గించుకోవాలి, కింద మురుగుకాలవలు పూడికతీసి ఉండాలి. తెనాలి మీదుగా పారే నీరు రేపల్లె దాకా చేరాలంటే పైవాడికీ కిందవాడికీ ఒప్పందం కుదరాలి. ప్రళయానంతర కథల్లో రాజకీయం అంటే సింహాసనం మీద ఎవరు కూర్చోవాలన్న గొడవగానే కనిపిస్తుంది. డెల్టాలో పుట్టినవాళ్లకు తెలిసిన రాజకీయం కాలవ చివరి భూములకు నీరు ఎప్పుడొస్తుందన్నది. నాకు ఈ రెండోదే ఎక్కువ ఉత్కంఠగా అనిపిస్తుంది.

ఇంకో అభ్యంతరం సంప్రదాయం వైపు నుంచి వస్తుంది. ఇది పురాణం మీద అల్లిన కథ, పురాణానికి దొరువులూ మురుగుకాలవలూ ఎందుకు, అశ్వత్థామ 6,000 ఏళ్లు బతికాడంటే నమ్మినవాడు ఇంధనం గురించి అడగడమేమిటి అంటారు. దీనికి జవాబు భారతమే ఇస్తుంది. పద్దెనిమిది రోజుల యుద్ధం అయిపోయాక భారతం ఆగిపోలేదు. స్త్రీపర్వంలో గాంధారి, కోడళ్లు శవాల మధ్య తమవాళ్లను వెతుక్కుంటారు. ఆ తర్వాత వచ్చే శాంతిపర్వం మొత్తం భారతంలోనే అతి పెద్దది. అందులో యుద్ధం లేదు. గెలిచిన ధర్మరాజుకు రాజ్యం వద్దనిపిస్తుంది. అంపశయ్య మీద ఉన్న భీష్ముడు అతనికి పన్ను ఎంత తీసుకోవాలి, ప్రజను ఎలా కాపాడాలి, ఆపద వచ్చినప్పుడు ఏది ధర్మం అన్నది పూస గుచ్చినట్టు చెబుతాడు. ఆ ఆపద్ధర్మ భాగంలోనే పన్నెండేళ్ల కరువు కథ వస్తుంది. వానల్లేక ఊళ్లు పాడుబడతాయి, నదులు ఎండుతాయి, మనుషులు దిక్కులు పట్టి పోతారు. ఆకలికి తాళలేక విశ్వామిత్రుడంతటివాడు రాత్రిపూట చండాలుడి గుడిసెలో దూరి కుక్క మాంసం దొంగిలించబోతాడు. గృహస్థు లేచి ఇది నీకు తగునా అని నిలదీస్తాడు. ఇద్దరూ వాదించుకుంటారు. ఆ చీకట్లో, ఒక మాంసం ముక్క ముందు, బతకడం ముఖ్యమా నియమం ముఖ్యమా అని వాళ్లు చేసే వాదన కంటే కఠినమైన ప్రళయానంతర దృశ్యాన్ని ఏ గేములోనూ చూపలేరు. దొంగిలించే ముని, కాదని ధర్మం చెప్పే చండాలుడు. ఇలా రాసిన పురాణానికి వాస్తవంతో పనిలేదని అనేవాళ్లు పురాణాన్నే తక్కువ చేస్తున్నారు.

భారతం మనిషి మంచితనాన్ని అతిగా నమ్మలేదని కూడా ఒప్పుకోవాలి. మౌసలపర్వంలో యాదవులు ఒకరినొకరు చంపుకుంటారు, ద్వారకను సముద్రం ముంచుతుంది, మిగిలిన స్త్రీలనూ పిల్లలనూ తీసుకుని అర్జునుడు బయలుదేరతాడు. దారిలో దొంగలు కర్రలతో మీద పడి స్త్రీలను ఎత్తుకుపోతుంటే, గాండీవం ఎక్కుపెట్టడమే అర్జునుడికి గగనమవుతుంది. అస్త్రాల మంత్రాలు గుర్తుకు రావు. అమ్ములపొది ఖాళీ అవుతుంది. తోడేళ్లు ఉంటాయని వ్యాసుడికి తెలుసు. అయితే ఆ దోపిడీ దగ్గర కథ నిలబడిపోలేదు. మిగిలినవాళ్లను అర్జునుడు తీసుకెళ్లి తలా ఒక చోట కుదురుకునేట్టు చేస్తాడు, కృష్ణుడి మునిమనుమడు వజ్రుణ్ణి ఇంద్రప్రస్థంలో రాజుగా నిలబెడతాడు. మహావీరుడు విల్లుతో ఓడిపోయి, నిర్వాసితుల్ని ఊరు చేర్చే పనిలో గెలుస్తాడు. ‘కల్కి’ మొదటి భాగం చివర కాంప్లెక్స్ పాలకుడు యాస్కిన్ చేతికి గాండీవం వస్తుంది, భైరవుడు కర్ణుడని తెలుస్తుంది, అభిమానులు ఇక ఎవరి బాణం బలమైనదని లెక్కలు తీస్తున్నారు. భారతం చివరకు వచ్చేసరికి ఆ గాండీవమే బరువైపోయిందన్న సంగతి ఆ లెక్కల్లో ఎక్కడా లేదు. కర్ణార్జునుల తగవు ప్రేక్షకులకు ఇష్టమైతే ఆడుకోనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. కాని భారతంలో మిగిలిన అసలు ప్రశ్న అది కాదు.

కర్ణుడి గురించీ కౌరవుల గురించీ ఇలా గట్టిగా అడగడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. త్రిపురనేని రామస్వామి చౌదరి తెనాలిలో స్థిరపడి, సూతాశ్రమం కట్టుకుని, పురపాలక సంఘానికి అధ్యక్షుడిగా కూడా పనిచేశారు. ‘కురుక్షేత్ర సంగ్రామం’ అనే నాటకంలో రాజ్యం మీద పాండవులకు అసలు హక్కుందా అని అడిగారు. ‘శంబుకవధ’లో రామరాజ్యాన్నే నిలదీశారు. చాలామందికి కోపం వచ్చింది. అయినా ఆయన అడిగిన ప్రశ్నల స్వభావం చూడండి. ఎవరి బాణం బలమైనదని అడగలేదు. భూమి ఎవరిది, తపస్సు చేసే హక్కు ఎవరికుంది, న్యాయం చెప్పేవాడికి ఆ అధికారం ఎక్కడిది అని అడిగారు. పురాణాన్ని నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ కలిసి ఆ ప్రశ్నల మీద తగువులాడుకున్నారు. వందేళ్ల కిందట తెనాలిలో నాటకం గురించి అలా మాట్లాడుకోగలిగినప్పుడు, ఇవాళ ఒక సినిమా రెండో భాగం గురించి అంతకు తక్కువగా ఎందుకు మాట్లాడుకోవాలి?

చివరగా నిర్మాతలూ, వాళ్ల తరఫున అభిమానులూ చెప్పే మాట ఒకటుంది. నీళ్లు తోడటం, మట్టి కడగటం చూపిస్తే హాల్లో జనం నిద్రపోతారు, కోట్లు పెట్టిన సినిమాకు యుద్ధమే కావాలి అని. డబ్బు పెట్టేవాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కాని గేముల లోకం ఈ భయాన్ని ఎప్పుడో పరీక్షించి చూసింది. ‘ది లాస్ట్ ఆఫ్ అస్’లో ఆటగాడు పాడుబడ్డ వంటిళ్లలో సొరుగులు వెతికి, గుడ్డపీలికా స్పిరిట్ సీసా కలిపి తన గాయానికి తానే కట్టు తయారుచేసుకుంటాడు. గంటల తరబడి ఇదే పని. ఎవరికీ విసుగు రాలేదు, పైగా ఆ పీలిక దొరకని క్షణంలోనే గుండె దడదడలాడుతుంది. జపాన్ రూపకర్త హిడియో కొజిమా 2019లో ‘డెత్ స్ట్రాండింగ్’ అనే గేము చేశాడు. ముక్కలైపోయిన దేశంలో ఒక మనిషి వీపున మూటలు మోస్తూ ఊరి నుంచి ఊరికి నడిచి, తెగిపోయిన సంబంధాలను మళ్లీ కలుపుతాడు. నడకే ఆట. కొందరు నవ్వారు, ఇదేం గేమన్నారు. కానీ ఒకరు వేసిన నిచ్చెననూ ఒకరు కట్టిన వంతెననూ ఎక్కడో ఉన్న ఇంకో ఆటగాడు వాడుకునే ఏర్పాటు అందులో ఉంది. అది ఆడినవాళ్లకు ఎంత నచ్చిందంటే 2025 జూన్‌లో దానికి రెండో భాగం కూడా వచ్చింది. పనిని సరిగ్గా చూపించగలిగితే అదే ఉత్కంఠ.

‘కల్కి’ రెండో భాగంలో దీపికా పదుకొణె ఉండరని వైజయంతీ మూవీస్ 2025 సెప్టెంబరులో ప్రకటించింది. కల్కిని కడుపున మోస్తున్న సుమతి పాత్ర ఆమెదే. ఆ ప్రకటన వచ్చినప్పటి నుంచి అభిమానుల చర్చ అంతా ఆ పాత్రకు ఎవరు వస్తారన్నదాని చుట్టే తిరుగుతోంది. ఎవరు వేసినా సరే, సుమతి మొదటి భాగంలో ప్రయోగశాల నుంచి తప్పించుకుని శంబల చేరింది. శంబల ఒక ఊరు. ఊరన్నాక అక్కడ మంత్రసాని ఉండాలి, బాలింతకు పథ్యం వండేవాళ్లుండాలి, పసివాడికి పాలు కావాలి, ఆ పాలిచ్చే ఆవుకో మేకకో గడ్డి కావాలి. శంబల మీదికి కాంప్లెక్స్ సైన్యం మళ్లీ ఎలాగూ వస్తుంది. అప్పుడు బాణాలు వేసేవాళ్లు ఎలాగూ వేస్తారు. ఆ ఊళ్లో ఎన్ని రోజులకు సరిపడా నీళ్లున్నాయి, మొదట ఎవరికి పోస్తారు, ఆ వంతు తేల్చేది ఎవరు అన్నది రచయితలు ఇప్పుడే రాసుకోవాలి. మన దగ్గర 1977లో వేల మంది చనిపోయారు. 1990 మేలో దాదాపు అదే కృష్ణా ముఖద్వారం దగ్గర అంతే తీవ్రమైన తుపాను తాకితే చనిపోయినవాళ్లు 967 మంది. ఆ మధ్య పదమూడేళ్లలో వీరుడెవరూ పుట్టలేదు. తుపాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికలు ఊళ్ల దాకా చేరే ఏర్పాటు చేశారు, తుపాను తాకకముందే లక్షల మందిని ఖాళీ చేయించారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటినప్పుడు కూడా ముందుగానే జనాన్ని తరలించారు. ‘కల్కి’ రెండో భాగం ఇంకా మన ముందుకు రాలేదు కాబట్టి, ఇలాంటి పదమూడేళ్లు శంబలలో ఎలా గడుస్తాయో ఆలోచించడానికి దాన్ని రాసేవాళ్లకూ, దాని గురించి తగవులాడుకునేవాళ్లకూ సమయం ఉంది.